మూడు వందల అడుగులు

మంగళవారం, పదింపావు.
బెంచీల కింద బూట్ల మంచు కరిగి
మడుగులు కడుతోంది.
నా స్టెనో యంత్రానికి ఇరవై రెండు మీటలు.
ఇరవయ్యారేళ్లుగా ఈ గదిలో ఎవరేమన్నా
నా వేళ్ల మీదుగానే కాగితంలోకి పోతుంది.
ఏడుపు పోదు.
ఏడుస్తోందని నేను రాయకూడదు.

రెండు వారాల కిందట ఇదే గదిలో
మారిట్ ఒక్కతే నిలబడింది.
మెడకు ఊలు మఫ్లరు, తీయమని ఎవరూ అనలేదు.
ఆమె చెప్పింది, జడ్జి పెట్రిచ్ విన్నాడు.
ఖాళీ కుర్చీ ఎదుట పుట్టిన ఉత్తర్వు అది:
ఇంటికి రాకు, ఫోన్ చేయకు,
వేట తుపాకులు షెరిఫ్‌కి అప్పజెప్పు,
మూడు వందల అడుగుల అవతల బతుకు.

ఒక వైపే విని తీర్పు చెప్పకూడదనేది మా అమ్మ.
ఇల్లంటుకున్నాక
రెండు వైపులా వింటూ కూచుంటారా అని కూడా
ఆవిడే అనేది, వేరే రోజు.

ఇవాళ ఆ కుర్చీలో ఆర్విడ్ కాంగస్.
కౌంటీ మంచు తోసే బండి నడుపుతాడు.
గోళ్ల సందుల్లో గ్రీజు. పక్కన లాయరు లేడు.
ఇది సివిల్ విచారణ, సర్కారు లాయర్ని ఇవ్వదు.
కింది అంతస్తులో, అదే రాత్రి మీద
క్రిమినల్ కేసు నడుస్తోంది, అక్కడైతే ఇస్తుంది.
ఆ లాయరమ్మ చెప్పే ఉంటుంది
(నేను వినలేదు, ఎవరైనా అదే చెబుతారు):
పైన నువ్వన్న ప్రతి మాటా
కింద నీ మెడకే చుట్టుకుంటుంది.

ఆ రాత్రి ఏం జరిగింది, అడిగాడు జడ్జి.
ఆర్విడ్ జేబులోంచి మడత కాగితం తీశాడు.
"రాజ్యాంగం నాకిచ్చిన హక్కు ప్రకారం
జవాబు చెప్పను."
కాగితం వణికింది.
భయమో, కోపమో.
నా దగ్గర రెండింటికీ మీట లేదు.

ఐదు ప్రశ్నలు. ఐదుసార్లూ అదే వాక్యం.
ఐదోసారి అతను చదవకముందే నా వేళ్లు కొట్టేశాయి.
సిగ్గేసింది. చెరిపి, ఆగి, విని, మళ్లీ కొట్టాను.

మౌనం అర్ధాంగీకారం అంటారు.
కింది అంతస్తులో ఆ అర్ధం కూడా కాదు,
అక్కడ మౌనాన్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు.
ఈ అంతస్తులో మాత్రం
జడ్జి దాన్ని ఎటైనా తూచవచ్చు.
మధ్యలో ఇరవై నాలుగు మెట్లు.
ఏ మెట్టు మీద మారుతుందో
రోజూ ఎక్కుతాను, కనిపెట్టలేదు.

సాక్షిని ప్రశ్నించే హక్కు నీకుంది, అన్నాడు జడ్జి.
ఆర్విడ్ చాలాసేపు లేవలేదు. లేచి,
"కుక్క తింటోందా?"
మారిట్ అతని వైపు చూడలేదు.
"తింటోందని చెప్పండి" అంది, జడ్జితో.
అది కూడా రికార్డులో ఉంది, నలభై ఒకటో పేజీ.

ఉత్తర్వు రెండేళ్లకు పొడిగించారు.
చివర్లో అతనే అడిగాడు,
నా రూటు ఆమె వీధిలోంచి పోతుంది, ఎలా?
జడ్జి పటమూ గీతల బద్దా తెప్పించి
కళ్లద్దాలు నుదుటికెత్తి కొలిచాడు.
మలుపు దగ్గర పెన్సిలుతో చిన్న గీత.

గురువారం రాత్రి పదకొండంగుళాలు పడింది.
ఆ మలుపులోనే మా ఇల్లు.
నాలుగింటికి బండి పసుపు దీపం
నా గోడల మీద తిరిగి, ఆగింది.
ఇంజను ఆగలేదు, దీపమూ ఆరలేదు.
తర్వాత వెనక్కి మళ్లింది.

తెల్లారాక చూశాను,
మారిట్ గుమ్మం దాకా జాడ లేని మంచు.
ఆమె పార పట్టుకుని బయటికొచ్చింది,
కానీ వెంటనే తవ్వలేదు.
ఒక్క అడుగూ పడని ఆ తెలుపును చదువుతున్నట్టు
అటూ ఇటూ, అంచు నుంచి అంచుకు చూసింది.
మఫ్లరు విప్పి రెయిలింగు మీద వేసింది.

ఆ బండి ఎంతసేపు ఆగిందని
రేపెవరైనా నన్నడిగితే
ఈసారి ప్రమాణం చేయాల్సింది నేను.
రెండు నిమిషాలు, అంటాను.
ఎందుకాగిందంటే
నాకు తెలియదు, అంటాను.
అది మాత్రం ఉన్నదున్నట్టు రాసుకోమంటాను.